వెనక గదిలో పూలు

ఆయన అచ్చాఫీసులో ప్రూఫ్‌రీడరు. ఎవరెవరో రాసిన రాతల్లో తప్పులు వెతికి ఎర్ర సిరాతో గీతలు పెట్టడం ఆయన ఉద్యోగం. ఆ పనిలో ఆయన్ని మించినవాడు లేడని అచ్చాఫీసంతా ఒప్పుకునేది. చిక్కేమిటంటే, సాయంత్రం ఇంటికొచ్చాక కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేవాడు గానీ ఆ చూపు మాత్రం తీసి పెట్టేవాడు కాదు. కూరలో ఉప్పు దగ్గర్నించి తలుపు గడియ వేసే తీరు దాకా భార్య చేసే ప్రతి పనికీ ఒక ఎర్ర గీత పడేది.

ఆవిడ రక్తపరీక్షల ల్యాబ్‌లో టెక్నీషియను. అక్కడ ఆవిడ చేతికి పేరుంది. నరం దొరకని ముసలివాళ్ళు, సూది చూడగానే ఆకాశం దద్దరిల్లేలా ఏడ్చే పిల్లలు, "ఆ మేడమ్ వచ్చాకే తీయించుకుంటాం" అని బెంచీ మీద బైఠాయించేవాళ్ళు. ఇంటి గడప దాటి లోపలికి రాగానే అదే చెయ్యి ఎందుకూ కొరగానిదైపోయేది.

ముఖ్యంగా బాల్కనీ దగ్గర.

బాల్కనీ నిండా ఆయన ఆర్కిడ్లు. ఇనప చువ్వలకు వేలాడేవి కొన్ని, మెట్లమెట్లుగా కట్టిన చెక్క బల్ల మీద కొన్ని, బెరడు ముక్కకి అతుక్కుని మట్టనేదే ఎరగకుండా బతికేవి ఇంకొన్ని. పొద్దున్నే లేచి, ఇంకా మొహం కూడా కడుక్కోకుండా, ఒక్కో ఆకునీ వెలుతురుకు పట్టి చూసేవాడు. వాటితో మెల్లగా మాట్లాడేవాడు కూడా. ఆ గొంతు పెళ్ళైన కొత్తలో కూడా ఆవిడ విన్నది కాదు.

ఒకసారి ఆయన ఏదో పని మీద పొరుగూరు వెళ్ళాల్సి వచ్చింది. వెళ్తూ వెళ్తూ నీళ్ళు పొయ్యమని ఆవిడకు చెప్పాడు. పాపం ఆవిడ శ్రద్ధగానే పోసింది. ఎలా పొయ్యాలో ఆయన చెప్పలేదు, ఆవిడ అడగలేదు. ఆకుల మధ్య నీళ్ళు నిలిచి ఒక మొక్క నడినెత్తి కుళ్ళిపోయింది. అంతే. ఆ తర్వాత ఇంటికి ఎవరొచ్చినా ఆయన ఆ కథ చెప్పేవాడు. "మా ఆవిడకు ఒక్క పూట అప్పజెప్పానండీ, హత్య చేసి పెట్టింది." వచ్చినవాళ్ళు పగలబడి నవ్వేవాళ్ళు. కాఫీ కప్పులు పట్టుకుని నిలబడ్డ ఆవిడ కూడా నవ్వేది. నవ్వకపోతే మొహం మాడ్చుకుందంటారు కదా.

"నువ్వు ముట్టుకోకు. నీ చెయ్యి పడితే చస్తాయి," అనేవాడు. అంటూ అంటూ అది ఆ ఇంట్లో ఒక చట్టమైపోయింది. బట్టలు ఆరెయ్యడానికి బాల్కనీలోకి వెళ్ళినప్పుడు కూడా ఆవిడ ఒళ్ళు దగ్గరికి ముడుచుకుని, పరాయి ఇంట్లో నడిచినట్టు నడిచేది.

అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం అచ్చాఫీసులో, ముందున్న కాయితాల మీదే తల వాల్చేశాడు. నిద్రపోతున్నాడనుకున్నారు తోటివాళ్ళు. తట్టి లేపేసరికి నోరు ఒక పక్కకు వంకరపోయి ఉంది. ప్రాణం దక్కింది గానీ కుడి పక్క మొత్తం పడిపోయింది. చెయ్యీ, కాలూ, మాటా.

ఆవిడ ఉద్యోగానికి సెలవు పెట్టింది. సెలవు అయిపోయాక ఉద్యోగమే మానేసింది. కూతురు ఊరికి అటు చివర ఉంటుంది, ఆదివారాల్లో వస్తుంది, వచ్చినప్పుడల్లా "నీకెంత ఓపికమ్మా" అని మెచ్చుకుని వెళ్తుంది. మనిషిని పక్కకు తిప్పడం, ఒళ్ళు తుడవడం, జావ ఒక్కో చెంచా నోట్లో పెట్టి అది గొంతు దిగిందాకా చూడడం, పక్కబట్టలు ఉతకడం, అన్నీ ఆవిడే. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఒకతె వచ్చి చేతులూ కాళ్ళూ ఆడించి వెళ్ళేది.

మాట మెల్లమెల్లగా రావచ్చని డాక్టర్లు చెప్పారు. మొదట అన్నీ మూలుగులే. పేరు పలకలేడు, నీళ్ళు అడగలేడు. ఒకరోజు ఆవిడ ఆయన చొక్కా గుండీలు పెడుతోంది. కంగారులో ఒక గుండీ వేరే కాజాలోకి దూర్చింది. ఆయన కిందికి చూసుకున్నాడు. పెదవులు కదిపాడు. బోలెడంత కష్టపడి, స్పష్టంగా, ఒక్క మాట అన్నాడు.

"తప్పు."

పక్కనే ఉన్న ఫిజియో అమ్మాయి చప్పట్లు కొట్టింది. "ఆంటీ! అంకుల్ మాట్లాడారు!" అని గంతులేసింది. ఆవిడ గుండీ ఊడదీసి సరిగ్గా పెట్టింది. సంతోషించాలని తెలుసు. ఎంత వెతుక్కున్నా లోపల ఎక్కడా దొరకలేదు ఆ సంతోషం.

ఈ గొడవలో ఆర్కిడ్లను పట్టించుకున్నవాళ్ళు లేరు.

లేరంటే పూర్తిగా నిజం కాదు. ఆవిడ చూస్తూనే ఉంది. రోజూ బట్టలు ఆరెయ్యడానికి వెళ్ళినప్పుడల్లా చూసేది. నిగనిగలాడే ఆకులు తోలు చెప్పుల్లా ముడతలు పడుతున్నాయి. కాడలు ఎండి పుల్లలైపోతున్నాయి. ఆకుల అడుగున తెల్లగా పిండి జల్లినట్టు పిండినల్లి పురుగు పట్టింది. ఒక చెంబుడు నీళ్ళు పొయ్యడం ఎంత పని? పొయ్యలేదు. "ముట్టుకోవద్దన్నారుగా," అని మనసులో అనుకునేది. అలా అనుకున్నప్పుడు గొంతులో ఏదో తియ్యగా దిగేది. తనలో ఇంత పగ ఉందా అని ఆవిడకే ఆశ్చర్యం వేసేది. అయినా తడి బట్ట దులిపి ఆరేసి లోపలికి వచ్చేసేది.

ఆయన చక్రాల కుర్చీ కిటికీ పక్కన ఉండేది. అక్కడ కూర్చుంటే బాల్కనీ అంతా కనిపిస్తుంది. ఆయన చూసేవాడు. చూస్తూ ఉంటే కళ్ళల్లోంచి నీళ్ళు కారేవి. ఒక కంట్లోంచి ఎక్కువ, ఇంకో కంట్లోంచి తక్కువ. జబ్బు వల్ల అలా కారతాయని చెప్పారు కాబట్టి ఆవిడ తువ్వాలుతో తుడిచేసేది, ఎందుకని అడిగేది కాదు.

చివరికి ఒకరోజు అవన్నీ పారేద్దామని పెద్ద సంచీ తీసుకుని బాల్కనీలోకి వెళ్ళింది. బొత్తిగా ఎండిపోయినవి ఒకటొకటిగా సంచీలో వేసింది. అలా వేస్తూ వేస్తూ ఒక కుండీ ఎత్తేసరికి, అడుగున ఉన్న చిల్లులోంచి ఒక వేరు బయటికి వచ్చి ఉంది. తెల్లటి వేరు, కొసన మాత్రం లేత ఆకుపచ్చ, గోరు కొసంత. పైన ఆకులు చూస్తే చచ్చినట్టే ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఎవరూ చుక్క నీళ్ళు పొయ్యలేదు. అయినా అది తన దారి తాను వెతుక్కుంటోంది.

ఆవిడ అలాగే చతికిలబడి దాన్ని చూస్తూ ఉండిపోయింది. నరాలు దొరకని చేతుల్లో నరం వెతికిన మనిషి ఆవిడ. చర్మం కింద ఎక్కడో సన్నగా ఏదో కొట్టుకుంటే వేలికి తెలిసేది. ఆ వేరు కొస మీద వేలు ఆనించినప్పుడు అలాగే అనిపించింది. సంచీ మూతి విప్పి, వేసినవాటిని మళ్ళీ బయటికి తీసి, ఏది బతికుందో ఏది లేదో చూడడం మొదలుపెట్టింది.

అందులో ఆయన మీద ప్రేమేమీ లేదు. ఉందని ఎవరైనా అంటే ఆవిడ ఒప్పుకునేది కాదు.

ఎలా చెయ్యాలో తెలియదు. అచ్చాఫీసు మనిషి కాబట్టి ఆయన దగ్గర పుస్తకాలు బోలెడు ఉన్నాయి, ఆయన మధ్యాహ్నం నిద్రపోయే వేళ వాటిని తిరగేసింది. అర్థం కానిది ఫోనులో వెతికింది. మిగిలింది చేస్తూ చేస్తూ తెలుసుకుంది. ల్యాబ్‌లో అబ్బిన అలవాట్లు ఇక్కడ పనికొచ్చాయి. కత్తెరను ప్రతి మొక్కకీ ముందు స్పిరిట్‌తో తుడిచేది. కుండీలోంచి మొక్కను బయటికి లాగి, మట్టికి బదులు నింపిన బెరడు కుళ్ళిపోయి ఉంటే అదంతా దులిపేసి, వేళ్ళను ఒకటొకటిగా నొక్కి చూసేది. గట్టిగా ఉంటే బతికున్నట్టు. మెత్తగా నొక్కుకుపోయి, తొక్క ఊడి లోపల దారప్పోగు మాత్రం మిగిలితే చచ్చినట్టు. చచ్చినవి కత్తిరించి, కుళ్ళు పాకకుండా కోసిన చోట దాల్చినచెక్క పొడి అద్దేది. పిండినల్లిని దూదితో, స్పిరిట్‌తో తుడిచేది, పసిపిల్ల చెవులు తుడిచినంత నెమ్మదిగా. కొత్త బెరడు ముక్కలు నానబెట్టి, లోపలి వేళ్ళు కనపడేలా అద్దంలాంటి ప్లాస్టిక్ కుండీల్లో నాటింది. నీళ్ళు పోశాక ఆకుల మధ్య ఒక్క చుక్క కూడా నిలవనిచ్చేది కాదు. దూదిపింజ పెట్టి అద్దేసేది. ఆ పాఠం మాత్రం ఆవిడకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు.

ఇదంతా కిటికీ అవతలే జరిగేది. కిటికీ ఇవతల ఆయన.

"తప్పు," అనేవాడు, ఆవిడ వేరు కత్తిరిస్తే.

"తప్పు," కుండీ మారిస్తే.

"తప్పు, తప్పు," నీళ్ళు పోస్తే. ఎడమ చేత్తో కుర్చీ చెయ్యి మీద కొట్టేవాడు.

మొదట్లో ఆవిడ చెయ్యి ఆగేది. "ఏమిటండీ తప్పు? ఎలా చెయ్యాలో చూపించండి," అని మొక్కను ఆయన ఒళ్ళో పెట్టేది. ఆయన చూసి మొహం తిప్పుకునేవాడు. చూపించేవాడు కాదు. చెయ్యి బాగానే ఆడుతుంది, ఎడమదే అయినా వేలు పెట్టి చూపించొచ్చు. చూపించడు. కొన్నాళ్ళకి ఆవిడ అడగడం మానేసింది. "తప్పు" అని వినిపించగానే "సరే" అనేసి తన పని తాను చేసుకుపోయేది. చూసేవాళ్ళకి వాళ్ళిద్దరూ ఏదో కలిసి చేస్తున్నట్టే ఉండేది. ఫిజియో అమ్మాయికైతే అది చూసి కళ్ళు చెమర్చేవి. "మీ ఇద్దరూ ఎంత ముచ్చటగా ఉన్నారో ఆంటీ," అంది ఒకసారి. ఆవిడ నవ్వి కత్తెర తుడుచుకుంది.

మొక్కలు కోలుకోవడానికి చాలా కాలం పట్టింది. కొన్ని చచ్చాయి. చచ్చినప్పుడల్లా ఆయన ఆవిడ వైపు చూసే చూపుకి మాటలు అక్కర్లేదు. బతికినవి మాత్రం ఒక్కొక్కటే కొత్త ఆకు తొడిగాయి. ఆకు సందులోంచి చిన్న బుడిపె వస్తే అది వేరో పూలకాడో తేల్చుకోలేక ఆవిడ పొద్దస్తమానం దాని చుట్టూ తిరిగేది. ఇంట్లో ఒక విషయం కోసం ఎదురుచూడడమనేది ఆవిడ ఎప్పుడో మరిచిపోయింది. మళ్ళీ అలవాటైంది. పొద్దున్నే లేచి, మొహం కూడా కడుక్కోకుండా బాల్కనీలోకి వెళ్ళేది. ఎవరిలా చేస్తోందో గుర్తొచ్చి ఒకసారి తనను చూసి తనకే నవ్వొచ్చింది.

ఆయన దగ్గర ఒక మొక్క ఉండేది. ఎన్నో ఏళ్ళుగా ఆకులు తప్ప ఏమీ ఇవ్వనిది. దాన్ని ఆయన ఏ మూలకి మార్చినా, ఏ ఎరువు వేసినా పుయ్యలేదు. ఆ మొక్కకే పూలకాడ వచ్చింది. మొదట మడిచిన వేలులా మొండిగా ఉండి, తర్వాత పొడవుగా సాగి, వంపు తిరిగి, వరసగా మొగ్గలు కట్టింది. మొదటి పువ్వు విచ్చుకుంది. లేత పసుపు రెక్కలు, గొంతులో ముదురు ఎరుపు చారలు.

ఆవిడ కుండీ తీసుకొచ్చి ఆయన మంచం పక్కనున్న బల్ల మీద పెట్టింది. "చూడండి," అంది.

ఆయన చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ ఒక్కసారి "తప్పు" అనలేదు. ఆవిడకు అదే చాలనిపించింది. ఆ రోజు కూనిరాగం తీస్తూ గిన్నెలు తోమింది.

మర్నాటి సాయంత్రం పళ్ళ డాక్టరు వచ్చాడు. ఆర్కిడ్లు పెంచేవాళ్ళ సంఘానికి ఆయనే కార్యదర్శి, భోళా మనిషి, మాట్లాడితే ఇల్లంతా వినిపిస్తుంది. ప్రూఫ్‌రీడర్ని గురువుగారని పిలిచేవాడు. గదిలోకి వస్తూనే పువ్వు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"గురువుగారూ! ఇది ఆ మొండిదే కదా! మంచంలో ఉండి కూడా పూయించారంటే మీకు చెయ్యెత్తి దణ్ణం పెట్టాలి. ఒక చెయ్యి పడిపోతేనేం, రెండో చెయ్యి చాలు మీకు!"

ఆయన మొహం వెలిగింది. వంకరపోయిన నోటితోనే నవ్వాడు. తల ఊపాడు. అవునన్నట్టు.

ఆవిడ మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. ఒక్కసారి ఇటు చూస్తాడేమోనని ఆగింది. వేలు పెట్టి చూపించక్కర్లేదు, కనుబొమ్మ ఎత్తినా చాలు. ఆయన పువ్వు వైపు, డాక్టరు వైపు, మళ్ళీ పువ్వు వైపు చూశాడు. ఆవిడ నిలబడ్డ చోట గోడ ఉన్నట్టే చూపు దాటిపోయింది.

"డాక్టరుగారూ, ఆయన దాన్ని ముట్టుకోనైనా లేదు. నేను చేశాను," అంది ఆవిడ.

తన నోటి నుంచే వచ్చిందా ఆ మాట అని ఉలిక్కిపడింది. కానీ ఒకసారి మొదలయ్యాక ఆగలేదు. "ఇదొక్కటే కాదు. బాల్కనీలోవన్నీ నేనే బతికించాను. వేళ్ళు కోసింది నేను, కుండీలు మార్చింది నేను. వచ్చి చూడండి."

పళ్ళ డాక్టరు నోరు తెరుచుకుని చూశాడు. తర్వాత ఫక్కున నవ్వాడు. "మీరా వదినా! మీ చెయ్యి పడితే చస్తాయని ఇన్నేళ్ళూ గురువుగారు మాకు కథలు చెప్పారే! బాగా మోసం చేశారు గురువుగారూ మమ్మల్ని!"

బాల్కనీలోకి వెళ్ళి ఒక్కో మొక్కనీ చూశాడు. చూస్తున్నకొద్దీ నవ్వు తగ్గి, అడగడం మొదలుపెట్టాడు. బెరడు ఎంతసేపు నానబెట్టారు, ఈ కుళ్ళు ఎలా ఆపారు అని. ఆవిడ చెప్పింది. తను చెప్తుంటే ఒకరు తలాడిస్తూ వినడం ల్యాబ్ మానేశాక అదే మొదలు. వెళ్ళేముందు డాక్టరు, "వచ్చే ఆదివారం మన సంఘం ప్రదర్శన ఉంది వదినా. ఈ మొక్కను మీ పేరు మీద పెట్టాలి. కాదంటే ఊరుకోను. నేనే కారు తీసుకొచ్చి మిమ్మల్నీ దాన్నీ జాగ్రత్తగా తీసుకెళ్తాను," అన్నాడు. పువ్వు పక్కన ఆవిడను నిలబెట్టి ఫోనులో ఫోటో తీశాడు.

ఆ వారమంతా ఆవిడ కాళ్ళు నేల మీద ఆనలేదు. కూతురికి ఫోను చేసి, ఆదివారం పొద్దున్న వచ్చి నాన్న దగ్గర కూర్చోమంది. చీరల బీరువా తెరిచి, ల్యాబ్‌లో మంచి ఉద్యోగి అని సన్మానం చేసినప్పుడు కట్టుకున్న చీర తీసి ఇస్త్రీ చేసుకుంది. రోజుకొక మొగ్గ విచ్చుకుంటోంది. ఆదివారానికి కాడ నిండా పూలుంటాయి. కుండీని ఆయన మంచం పక్క బల్ల మీద నుంచి తియ్యలేదు. అక్కడ వెలుతురు బాగా కుదిరింది, ఇప్పుడు కదిపితే మొగ్గలు రాలతాయని భయం. ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని ఆవిడ పైకి ఒప్పుకోదు. ఆయన చూడాలి.

ఆ వారంలో ఆయన ఒక్క మాట కూడా అనలేదు. జావ పెడితే తాగాడు, మాత్ర ఇస్తే మింగాడు.

ఆదివారం తెల్లారాక ఆవిడ స్నానం చేసి చీర కట్టుకుని, తల దువ్వుకుంటూ గదిలోకి వచ్చింది. మొదట ఏదో తేడాగా అనిపించింది, ఏమిటో తెలియలేదు. బల్ల మీద కుండీ కుండీలాగే ఉంది. ఆకులు ఆకుల్లాగే ఉన్నాయి. వాటి మధ్యలోంచి ఒక మొండి పుల్ల నిలబడి ఉంది, కొసన తడిగా.

కాడ ఆయన దుప్పటి మీద ఉంది. పూలు నలిగిపోయి, కొన్ని ఆయన ఎడమ గుప్పిట్లోనే ఉన్నాయి. వేళ్ళకి పసుపు రంగు అంటింది.

ఆవిడ దువ్వెన పట్టుకుని అలాగే నిలబడింది. అరుస్తానేమోనని ఆవిడకే భయం వేసింది. అరవలేదు.

"ఎందుకు చేశారు?" అంది.

ఆయన ఆవిడ కళ్ళల్లోకి చూశాడు. జబ్బు పడ్డాక అంత సూటిగా ఎప్పుడూ చూడలేదు. పెదవులు కూడదీసుకున్నాడు.

"నాది," అన్నాడు.

ఆవిడ మంచం పక్కన కూర్చుని ఆయన గుప్పిట విప్పింది. వేళ్ళు గట్టిగా బిగిసి ఉన్నాయి, ఒక్కొక్కటే తియ్యాల్సి వచ్చింది. రెక్కలు ఏరి, తడిబట్టతో చెయ్యి తుడిచి, దుప్పటి మార్చింది. మాత్రలు వేసే వేళైందని మాత్రలు వేసింది. అన్నీ అయ్యాక వంటింట్లోకి వెళ్ళి పళ్ళ డాక్టరుకి ఫోను చేసింది.

"కిటికీ తెరిచి ఉంచాను డాక్టరుగారూ. గాలికి బల్ల మీంచి పడి కాడ విరిగిపోయింది," అంది. అబద్ధం ఎందుకు చెప్పిందో తనకే తెలియదు. ఇంటి గుట్టు వీధిన పెట్టకూడదని పుట్టినప్పట్నించీ నూరిపోసిన మాట కాబోలు, నోరు దానంతట అదే తిరిగింది.

"అయ్యయ్యో! ఎంత పని జరిగింది వదినా! కాస్త కనిపెట్టుకుని ఉండాల్సింది. అన్నేళ్ళకు పూసిన పువ్వు. గురువుగారు ఎంత బాధపడుతున్నారో!" అన్నాడు డాక్టరు.

"అవునండీ," అని పెట్టేసింది.

కాసేపటికి కూతురు వచ్చింది. చీర కట్టుకుని వంటింట్లో స్టూలు మీద కూర్చున్న తల్లిని చూసి, "ఇంకా బయల్దేరలేదా?" అంది. ఆవిడ కూతురికి మాత్రం దాచకుండా చెప్పింది. కూతురు విని నిట్టూర్చింది.

"నాన్నకి ఇప్పుడు ఏం చేస్తున్నాడో తెలుస్తుందా అమ్మా? జబ్బు మనిషి. చెయ్యి అటూ ఇటూ ఆడిస్తుంటే తగిలి ఉంటుంది."

"నాది అన్నాడే."

"అన్నాడనుకో. ఆయనవే కదమ్మా ఆ మొక్కలు? పాపం మంచాన పడి, ఉన్నదంతా పోయి, ఆ కాస్తా తనదనుకుంటే తప్పేముంది? నువ్వు పెద్దదానివి, అర్థం చేసుకోవాలి. పువ్వే కదా, మళ్ళీ పూస్తుంది."

ఆవిడ కూతురి మొహంలోకి చూసింది. మంచి పిల్ల. తండ్రి అంటే ప్రాణం. తల్లి అంటే ఓపిక. లేచి చీర మార్చుకుని వచ్చి పొయ్యి వెలిగించింది.

మర్నాడు ఆవిడ ఒక పని చేసింది. ఇంటి వెనక భాగంలో, నడవా చివర, పాత సామాన్లు పడేసే గది ఒకటుంది. తూర్పు వైపు కిటికీ, ఉదయం పూట మంచి వెలుతురు. ఆయన నిద్రలో ఉండగా ఆ గది ఖాళీ చేసి, కడిగి, బాల్కనీలోని మొక్కలన్నీ ఒక్కొక్కటిగా అక్కడికి మోసింది. గులకరాళ్ళు పోసిన పళ్ళేల్లో నీళ్ళు పోసి, వాటి మీద కుండీలు సర్దింది. కాడ విరిగినదాన్ని కూడా. కోసినచోట దాల్చినచెక్క పొడి అద్ది, దాన్ని కిటికీకి దగ్గరగా పెట్టింది. తలుపు మూసి వచ్చింది.

సాయంత్రం ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి కిటికీ దగ్గరికి తోసింది. బాల్కనీ బోసిగా ఉంది. ఇనప చువ్వలు, ఖాళీ చెక్క మెట్లు, ఆరేసిన రెండు తువ్వాళ్ళు.

ఆయన చూశాడు. ఎడమ చెయ్యి ఎత్తి బయటికి చూపించాడు. గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. మాట కాదు.

"చచ్చిపోయాయి," అంది ఆవిడ. "అన్నీ. నా చెయ్యి సంగతి మీకు తెలిసిందేగా. పారేశాను."

ఆయన ఆవిడ మొహం చూశాడు, బాల్కనీ చూశాడు. తర్వాత ఏడ్చాడు. ఇన్నాళ్ళూ కారిన కన్నీళ్ళ లాంటివి కావు అవి. ఒళ్ళంతా కుదిపేస్తూ, నోరు మూసుకోవడం చేతకాక, చొంగ కారుతూ ఏడ్చాడు. ఆవిడ ఎదురుగా నిలబడి చూసింది. ఈ క్షణం కోసమే మోసింది ఆ కుండీలన్నీ. ఇప్పుడు మనసు చల్లబడుతుందని ఎదురు చూసింది. చల్లబడలేదు. నాలుక మీద మాత్ర కరిగినట్టు చేదుగా ఉండిపోయింది. తువ్వాలు తెచ్చి ఆయన మొహం తుడిచింది. నిజం చెప్పేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. పసుపు అంటిన ఆ వేళ్ళు గుర్తొచ్చి నోరు మూసుకుంది.

అప్పట్నించీ ఆవిడ రోజూ ఆయన కునుకు తీసే వేళ చూసి వెనక గదిలోకి వెళ్ళేది. మొక్కలు అక్కడ ఇంకా బాగా ఎదిగాయి. ఒకదాని తర్వాత ఒకటి పూశాయి. తెల్లవి, ఊదావి, మచ్చలు మచ్చలుగా ఉన్నవి. ఎవరికి చూపించగలదు? పళ్ళ డాక్టరుకి చెప్తే ఇల్లంతా వినిపించేలా అరుస్తాడు. ఆ డాక్టరు మళ్ళీ ఒకసారి చూడడానికి వస్తే గుమ్మంలోనే నిలబెట్టి, "నిద్రపోతున్నారండీ, మొక్కలా, అవన్నీ పోయాయి," అని పంపేసింది. డాక్టరు అదోలా చూసి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత రాలేదు. కూతురికి చెప్తే తండ్రి చెవిన వేస్తుంది. ఫిజియో అమ్మాయికి చెప్తే కళ్ళు చెమరుస్తాయి. పూలు పూసి, రోజుల తరబడి నిలిచి, రెక్క మీద రెక్క వడలి రాలిపోయేవి. ఆవిడ రాలినవి ఏరి చెత్తబుట్టలో అడుగున, కాయితాల కింద పెట్టేది.

అలా ఉండగా ఒక పొద్దున, అరచెయ్యంత పెద్ద పూలు పూసే మొక్క ఒకటి విచ్చుకుంది. ఊదారంగు పువ్వు, అంచులు కుచ్చిళ్ళలా. ఆవిడ తలుపు తీసేసరికి గది నిండా కమ్మటి వాసన. ఈ మొక్కకి వాసన ఉంటుందని ఆవిడకు తెలియదు. గుండెల నిండా పీల్చుకుని, పళ్ళేల్లో నీళ్ళు పోసి, తలుపు మూసి హాల్లోకి వచ్చింది.

కునుకు తీస్తున్నాడనుకున్న ఆయన మెలకువగానే ఉన్నాడు. కుర్చీలో కూర్చుని, తల ఎత్తి, ముక్కుపుటాలు కదుపుతున్నాడు. చూపు నడవా చివరనున్న మూసిన తలుపు మీద ఉంది.

"వాసన," అన్నాడు. కొత్త మాట. ఎప్పుడూ పలకనిది.

ఆవిడ చేతిలో నీళ్ళ చెంబు ఉంది. చీర కొంగుకి చిన్న బెరడు ముక్క అంటుకుని ఉంది. ఆయన చూపు ఆ చెంబు మీదికి, కొంగు మీదికి, మళ్ళీ ఆవిడ మొహం మీదికి వచ్చింది. తప్పులు పట్టడంలో ఆ కళ్ళను మించినవి లేవు.

"ఏ వాసన? పక్కింటివాళ్ళు ఫినాయిలు వేసి నేల తుడుస్తున్నట్టున్నారు," అంది.

ఆవిడ వంటింట్లోకి వెళ్ళి చెంబు పెట్టింది. పాత దుప్పటి ఒకటి తీసి, పొడుగ్గా మడతపెట్టి, నడవాలోకి వెళ్ళి, వంగి, వెనక గది తలుపు కింది సందులో గట్టిగా కుక్కింది. ఆయన కళ్ళ ముందే. చేతులు కడుక్కుని జావ గిన్నె తెచ్చి ఎదురుగా కూర్చుంది. చెంచా ముంచి, ఊది, నోటి దగ్గర పెట్టింది.

ఆయన కాసేపు పెదవులు బిగించుకుని కూర్చున్నాడు. తర్వాత నోరు తెరిచాడు.